గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడాక: క్యాన్సర్ భయం ఎంత, నిజం ఎంత

ముందు అసలు మాట చెప్పేస్తాను. మాత్ర దాని పని అది చేసింది. రెండో పాపకు పాలు మాన్పించాక మొదలుపెట్టి, నలభైకి దగ్గర పడేదాకా వేసుకున్నాను. ఒక్కసారి కూడా నెల తప్పలేదు. ఆ లెక్కన చూస్తే ఇంతకు మించి రాయాల్సిన పని లేదు. కానీ కావలిలో నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో ఎవరో ఒకరు కొలతలిస్తూ గొంతు తగ్గించి అడుగుతూనే ఉంటారు: "అవి మింగితే రొమ్ము క్యాన్సర్ వస్తుందంట గదా అక్కా?"

మన దగ్గర ఈ మాత్రలు వాడిన మనిషి దొరకడమే కష్టం. ఇద్దరు పుడితే ఆపరేషన్, అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. మా అత్తమ్మకైతే నా మాత్రల డబ్బా కంటపడితే చాలు, "ఆపరేషన్ అయిపోతే పీడా పోయేది గదమ్మా" అనేది. నాకు కోతంటే భయం. ఇంకో బిడ్డ కావాలో వద్దో కూడా మాలో మాకు అప్పటికి తేలలేదు.

నేను వాడింది ప్రైవేటు కంపెనీదే అయినా మందు మాత్రం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నదే: లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టోజెన్ రకం హార్మోన్) 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఎస్ట్రాడయాల్ (ఈస్ట్రోజెన్ రకం హార్మోన్) 0.03 మిల్లీగ్రాములు. మాలా-ఎన్ అట్టలో 28 ఉంటాయి. 21 హార్మోన్‌వి, మిగిలిన ముదురు రంగు 7 ఐరన్‌వి. ఐరన్ మాత్రలు వేసుకునే రోజుల్లో బహిష్టు వస్తుంది. ఒక్క మాట. గుడికో పెళ్లికో డేటు జరుపుకోవడానికి మింగేది ఇది కాదు, అది మామూలుగా నోరెథిస్టిరాన్. కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర కూడా వేరే. మూడింటినీ కలిపేసి "ఆ మాత్రలు" అంటుంటారు, సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

మొదటి నెలల్లో వికారం ఉండింది. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గింది. రొమ్ములు మాత్రం బరువెక్కి సలుపు పెట్టాయి. నా జాకెట్టు హుక్కులు నాకే పట్టలేదు. చంక కింద కుట్టు విప్పి అరంగుళం వదిలాను, మూడు నాలుగు నెలలు గడిచాక మళ్లీ లోపలికి కుట్టుకున్నాను. ఆ తర్వాత అంతా సుఖమే. బ్లీడింగ్ సగానికి తగ్గింది, కడుపునొప్పి పోయింది, తేదీ గడియారం కొట్టినట్టు వచ్చేది. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. వరసగా రెండు మరిచిపోతే ఇంకో ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. ఈ ముక్క ఆశా అక్క చెప్పింది, మందుల షాపతను కాదు.

ఉలవపాడులో మా పిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ బయటపడ్డాక నాకూ భయం పట్టుకుంది. ఆమెకు అరవై దాటాయి, ఈ మాత్ర మొహం కూడా ఎరగదు. అయినా మనసు ఊరుకుంటుందా? సెల్లు తీస్తే "20 శాతం ముప్పు" అని కనిపించేది. నాలాంటిదానికి నూటికి ఇరవై మందికి వస్తుందనే అర్థమవుతుంది. నెల్లూరు పొగతోటలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించింది.

ఆ 20 శాతం డెన్మార్క్ పరిశోధనది, 2017 డిసెంబరులో వచ్చింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు 18 లక్షల మందిని సగటున దాదాపు 11 ఏళ్లు గమనించారు. హార్మోన్ సాధనాలు వాడనివాళ్లతో పోలిస్తే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువగా కనిపించింది. ఏడాది లోపు వాడినవాళ్లలో 9 శాతం, పదేళ్లు దాటినవాళ్లలో 38. మరి మనుషుల లెక్కలో? 7,690 మంది ఏడాదిపాటు వాడితే ఒక్కరికి అదనంగా వస్తుంది. 35 లోపు వాళ్లలోనైతే ఏడాదికి లక్షకు అదనంగా ఇద్దరు. చిన్న వయసులో ఆ జబ్బే అరుదు, అరుదైనదానికి 20 శాతం కలిపినా అరుదుగానే ఉంటుంది. పైగా మన దేశంలో రొమ్ము క్యాన్సర్ డెన్మార్క్‌లో ఉన్నంత లేదు.

అలాగని ఏమీ లేదని కొట్టిపారేయడం కూడా నాకు నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2005లోనే ఈ రెండు హార్మోన్ల మాత్రల్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అండాశయం, గర్భాశయం లోపలి పొర క్యాన్సర్లు వీటివల్ల తగ్గుతాయని చెప్పిందీ ఆ సంస్థే. మొదటి ముక్క వాట్సాప్‌లో తిరుగుతుంది, రెండోది తిరగదు. మాత్ర ఆపాక ముప్పు కూడా మెల్లగా దిగుతుంది. 1996లో 54 పరిశోధనల్ని కలిపి చూస్తే, వాడుతున్నప్పుడు 24 శాతం ఎక్కువున్నది ఆపిన పదేళ్లకు కనిపించకుండా పోయింది.

"అయితే ఇంజెక్షన్‌కు మారతాను మేడమ్, అంతర ఇస్తున్నారు గదా" అన్నాను. దాంట్లో ఉండేదీ హార్మోనే అంది. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూస్తే అంతర లాగా ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉన్నవాటికి కూడా ముప్పు 20, 30 శాతం మధ్యే తేలింది. హార్మోనే వద్దనుకుంటే కాపర్-టి ఉంది. లేదా లక్నోలోని ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐ తయారుచేసిన ఛాయ మాత్ర. అది మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకటి.

పిన్నమ్మ ఒక్కామెకు, అదీ అరవై దాటాక వచ్చినందుకు నేను మాత్ర మానాల్సిన పని లేదంది. తల్లికో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చినా, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా ఆ మాట వేరే. రొమ్ములు చేత్తో తడిమి చూసి, గడ్డలేమీ లేవంది. నేను ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే బీపీ పట్టీ తీసి చేతికి చుట్టింది. పైది 150 దగ్గర, కింది అంకె 90 దాటి ఉంది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసినా అంతే. క్యాన్సర్ గురించి అడగడానికి వెళ్లిన నాకు బీపీ వల్ల మాత్ర ఆపేశారు. బీపీ 140/90 దాటినవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడితే పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. పొగ తాగే అలవాటున్నవాళ్లు 35 దాటాక వాడకూడదు. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఏ వయసులోనూ వాడకూడదు.

నా కోపమంతా ఇక్కడే. అన్నేళ్లు నాకు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చిన మందుల షాపులో ఏ రోజూ "బీపీ చూపించుకున్నావా అమ్మా" అని ఒక్క మాట అడగలేదు. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినట్టు ఇచ్చి పంపారు. ఏడాదికోసారి ఆ పట్టీ చుట్టించుకుని ఉంటే ఎప్పుడు పెరిగిందో తెలిసేది.

ఇంకో సంగతి. ఒక రొమ్ము తీసేసిన ఆమె ఒకరు నా దగ్గర కుట్టిస్తారు. ఆది జాకెట్టు ఇచ్చి, ఎడమ కప్పు లోపల లైనింగ్‌కు జేబులా పెట్టమంటుంది, అందులో దూది మెత్త అమర్చుకోవాలి. ఆమె ఏనాడూ మాత్ర వాడలేదు. గడ్డ నొప్పి పెట్టలేదని, ఎవరికి చెప్పాలన్నా సిగ్గేసిందని ఏడాది పైన దాచుకుంది. మొదట్లో నొప్పి ఉండదు చాలామందికి. మాత్ర గురించి అడిగేవాళ్లకు ముందు ఇదే చెబుతున్నాను, స్నానం చేసేటప్పుడు నెలకోసారి తడిమి చూసుకోమని.

ఎవరికి సరిపోతుందంటే, 35 లోపు వయసు, బీపీ లేదు, పొగ అలవాటు లేదు, పాలిచ్చే బిడ్డకు ఆరు నెలలు దాటాయి, రోజూ ఒకే వేళకు గుర్తుంచుకోగలరు అనుకుంటే నిక్షేపంగా వాడొచ్చు. నలభై దాటాక డాక్టరుతో మాట్లాడకుండా మాత్రం కొనసాగించొద్దు. నాకిప్పుడు ప్రభుత్వాసుపత్రిలో వేసిన కాపర్-టి 380ఎ ఉంది, పదేళ్లు పని చేస్తుంది, రోజూ గుర్తుంచుకునే టెన్షన్ లేదు. వేసిన కొత్తలో బ్లీడింగ్ విపరీతంగా అయింది, ఇప్పటికీ మునుపటికన్నా ఎక్కువే. ఆ ఒక్క విషయంలో మాత్రే నయం.