ఎరువుల గోదాముకి చెక్క దూలాలు: తొమ్మిదేళ్ల తర్వాత

వీడియో కాల్‌లో మా గోదాము పైకప్పు చూపించగానే నాన్న అడిగిన మొదటి మాట, "చెద పట్టదట్రా?" ఆయన కాకినాడలో ఎరువుల గోదాములో గుమాస్తాగా చేశారు. ఇనుప దూలాలకి ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పొరలుగా రాలి బస్తాల మీద పడేదని చెబుతుంటారు.

నేను ఉండేది న్యూజిలాండ్‌లో, తౌరంగ రేవు దగ్గర. మొదట లోడర్ నడిపాను, ఇప్పుడు షిఫ్ట్ చూసుకుంటున్నాను. ఇక్కడ సూపర్ ఫాస్ఫేట్ (మేం సూపర్ అంటాం), యూరియా, పొటాష్ బస్తాల్లో ఉండవు, గుట్టలుగా పోసి ఉంటాయి. షెడ్డు వెడల్పు 30 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. స్తంభాలూ దూలాలూ అన్నీ ఎల్‌వీఎల్ (లామినేటెడ్ వెనీర్ లంబర్), అంటే పలచటి చెక్క పొరలు అతికించి చేసిన కలప. రాడియేటా పైన్ దుంగని పెన్సిల్ చెక్కినట్టు తిప్పుతూ సుమారు 3 మిల్లీమీటర్ల పొరలు తీస్తారు. పీచు ఒకే దిక్కుకి ఉండేలా పేర్చి, జిగురు పూసి, వేడి మీద అదుముతారు. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువుగా ఉంటాయి, తేడా అదే.

ఇంత ఖర్చు పెట్టి చెక్కే ఎందుకంటే సరుకు అలాంటిది. పొటాష్ అంటే ఒక రకం ఉప్పే. సూపర్‌లో ఆమ్లం మిగిలి ఉంటుంది. యూరియా గాలిలో తేమ లాగుతుంది. పైగా సముద్రపు గాలి. ఇవన్నీ కలిస్తే ఇనుముకి వేసిన జింకు పూత కూడా ఎక్కువ కాలం నిలవదు. మా దూలాల మీద తొమ్మిదేళ్ల ధూళి ఉంది. గాలి కొట్టి తుడిస్తే కింద చెక్క కొంచెం రంగు మారింది, అంతే.

దెబ్బతిన్నది చెక్కని పట్టుకున్న ఇనుము. నాలుగో ఏడు తనిఖీలో, స్తంభం దూలంతో కలిసే మలుపు దగ్గర బోల్టుల తలలు గోధుమరంగు పిండిలా రాలుతున్నాయి. కట్టినప్పుడు స్టెయిన్‌లెస్ బదులు జింకు పూత బోల్టులతో సరిపెట్టారు. అప్పుడు మిగిలిన డబ్బు ఎంతో నాకు తెలియదు కానీ, వాటిని ఒక్కొక్కటిగా మార్చడానికి సగం షెడ్డు మూడు వారాలు ఖాళీ చేశాం, అదీ రైతులు ఎరువు కోసం ఎగబడే సీజన్‌లో. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడున్నవి 316 రకం స్టెయిన్‌లెస్, ఉప్పుగాలిని బాగా తట్టుకునేవి. కొన్నిచోట్ల బోల్టు తల చెక్కలోకి దించి, పైన చెక్క బిళ్ళతో మూసేశారు. వాటి జోలికి మళ్ళీ పోవాల్సిన పని పడలేదు.

రెండో తలనొప్పి మేమే తెచ్చుకున్నది. చెక్కే కదా అని ఒక ఎలక్ట్రీషియన్ కేబుల్ ట్రే కోసం దూలం కింది అంచున, సరిగ్గా నడుమ, వరుసగా రంధ్రాలు పెట్టేశాడు. బరువుకి ఎక్కువగా సాగే చోటు అదే. ఇంజినీరు వచ్చి చూసి కాసేపు మాట్లాడలేదు. చివరికి రెండు పక్కలా బద్దలు వేసి బలపరిచారు. లోడర్ బకెట్ తగిలి స్తంభం చెక్క లేచినప్పుడు మాత్రం పని తేలిగ్గా అయింది: పాడైన మేర కోసి, కొత్త ముక్క అతికించారు. ఇనుప స్తంభం వంగితే అలా కుదిరేది కాదు.

నిప్పు సంగతి అందరూ అడుగుతారు, బీమా వాళ్లు మరీను. పెద్ద దూలం చితుకులా భగ్గున అంటుకోదు. నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్లు బొగ్గవుతూ పోతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కని కాస్త కాపాడుతుంది. ఈ లెక్క మాకు చెప్పినా ప్రీమియం మాత్రం తగ్గించలేదు.

చిన్నవి కొన్ని. పెద్ద తలుపు మీది దూలం మొదటి రెండేళ్లలో కాస్త కుంగి తలుపు రాసుకునేది, గైడ్లు సర్దాక మళ్ళీ కదల్లేదు. దూలాలు దాదాపు మీటరు మందం కాబట్టి గోడ వారగా ఎత్తు తగ్గుతుంది, అక్కడ గుట్ట పూర్తిగా పోయలేం. చలి ఉదయాల్లో పాత ఇనుప షెడ్డులో దూలాల నుంచి యూరియా మీద నీటి బొట్లు పడేవి, ఇక్కడ ఆ బాధ దాదాపు లేదు.

ఇక నాన్న అడిగిన చెద. 1990ల చివర్లో కుళ్ళకుండా మందు పట్టించని చెక్కతో కట్టిన ఇళ్లు నీరు చేరి కుళ్ళిపోయి ఈ దేశం చేతులు కాల్చుకుంది, అందుకే మందు విషయంలో ఇప్పుడు గట్టిగా ఉంటారు. నేలలోంచి పుట్టలు పెట్టుకుని వచ్చే మన చెద ఇక్కడ అంత బెడద కాదు. కాకినాడలో ఇలాంటిది కట్టాలంటే చెద మందు, ఎత్తైన కాంక్రీటు దిమ్మలు లేకుండా నేనైతే ఒప్పుకోను.

పక్కన రెండో షెడ్డు లేస్తోంది. నన్ను అడిగితే మొదటి రోజు నుంచే స్టెయిన్‌లెస్ బోల్టులు, స్తంభాలకి రెండు మీటర్ల ఎత్తు దాకా రక్షణ, పైన పిట్టలకి వల అన్నాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. వల తర్వాత చూద్దామన్నారు. రేకులు సగం కూడా వేయలేదు, పిచ్చుకలు గడ్డి మోసుకొస్తున్నాయి.