ఎంయూఎం1పీ యాంటీబాడీ: లింఫోమా స్లైడ్లపై దాని పనితీరు

లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్)లోని బి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల దిశగా ఎంతవరకు పరిణతి చెందాయో తేల్చడానికి పాథాలజీ ప్రయోగశాలలు వాడే ఎంయూఎం1పీ అనే ఈ మోనోక్లోనల్ (ఒకే లక్ష్యానికి అంటుకునే) యాంటీబాడీ, ఎంయూఎం1 అని కూడా పిలిచే ఐఆర్ఎఫ్4 ప్రోటీన్‌ను కేంద్రకంలోనే చూపుతుంది కనుక, కణత్వచానికి రంగు పట్టించే మరో ప్లాస్మా కణ గుర్తు సీడీ138 కంటే దీనితో కణాలను లెక్కించడం సులువు. ఫార్మలిన్‌లో భద్రపరచి పారాఫిన్‌లో పొదిగిన కణజాలంపై, వేడితో యాంటిజెన్‌ను వెలికితీసిన తరువాత, ఇది నమ్మకంగా పనిచేస్తుంది. పరీక్ష సరిగా జరిగిందో చూసే కంట్రోల్‌గా టాన్సిల్ ముక్కను వాడితే ప్లాస్మా కణాలు గాఢంగానూ, ఇంకా పరిణతి చెందని మాంటిల్ బి కణాలు రంగు లేకుండానూ కనిపించాలి.

దీని అసలు విలువ, బి కణాలు ప్లాస్మా కణాల లక్షణాలు సంతరించుకునే ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమాలో తెలుస్తుంది. అక్కడ బి కణాల గుర్తులైన సీడీ20, పాక్స్5 సాధారణంగా కనుమరుగవుతాయి. వాటినే నమ్ముకుంటే ఇది బి కణాల వ్యాధి అన్న సంగతే తప్పిపోవచ్చు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమాను పుట్టిన కణాన్ని బట్టి వర్గీకరించే 2004 నాటి హాన్స్ పద్ధతిలోనూ దీన్ని పాజిటివ్ అనడానికి 30 శాతం కణాలకు రంగు పట్టడమే హద్దు.

అయితే ఉత్తేజిత టి కణాలు, హాడ్జ్‌కిన్ లింఫోమా కణాలు, కొన్ని మెలనోమాలు కూడా దీనికి స్పందిస్తాయి. సీడీ138 కూడా కార్సినోమాల్లో కనిపిస్తుంది. అందువల్ల ప్లాస్మా కణ పరిణతికి మరో గుర్తు అయిన బ్లింప్1ను జతచేయకుండా ఈ ఒక్క యాంటీబాడీతో నివేదిక రాయడాన్ని నేను సమర్థించను. ఆ జతతో మాత్రం దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.