గాలె కోటలో మొదటి రోజు: ముందు గోడా, ముందు వీధులా?

శ్రీలంక ప్రయాణం తలపెట్టిన తిరుపతి మిత్రులు ఈ మధ్య నన్ను ఒక మాట అడిగారు: గాలె చేరిన మొదటి రోజు కోటగోడ మీద నడవడం మేలా, లోపలి వీధులు తిరగడం మేలా? నేను నలుగురు స్నేహితులతో వెళ్లినప్పుడు వీధులతో మొదలుపెట్టాను. మళ్లీ వెళ్తే గోడతోనే మొదలుపెడతాను.

వీధుల ఆకర్షణ తక్కువదేమీ కాదు. కోట అనగానే మనకు చంద్రగిరి, అక్కడి రాజమహల్, రాణిమహల్, వాటి చుట్టూ ఉన్న నిశ్శబ్దం గుర్తుకొస్తాయి. గాలె కోటలో మాత్రం నేటికీ జనం కాపురముంటున్నారు. స్తంభాల వసారాలున్న పాత ఇళ్లు, మసీదు, 1755 నాటి డచ్చి చర్చి, పూర్వం తాళ్లు పేనిన లేన్ బాన్ వీధి అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. మన పులికాట్‌లో సమాధులు మిగిల్చి వెళ్లిన డచ్చి కంపెనీయే ఇక్కడ ఒక ఊరినే మిగిల్చింది. అయితే మధ్యాహ్నపు ఎండలో వీధుల్లో దిగిన మేము అరగంటకే చెదిరిపోయాం. ఒకరు బట్టల దుకాణంలో, ఒకరు కాఫీ దగ్గర, ఇద్దరు వేరే సందులో ఉండిపోవడంతో, ఒకరినొకరు వెతుక్కునేసరికి పొద్దు గూకింది. కలిసి వెళ్లామన్న మాటే తప్ప, ఆ రోజు కలిసి చూసింది చాలా తక్కువ.

గోడ మీద అలా జరగదు. దారి ఒక్కటే కనుక నలుగురూ ఒకే అడుగున సాగుతారు. అంతకంటే ముఖ్యంగా, ఈ ఊరు ఇక్కడ ఎందుకు పుట్టిందో గోడెక్కితేనే అర్థమవుతుంది. ఒక పక్క సముద్రం, ఇంకొక పక్క పెంకుటిళ్ల కప్పులు కనిపిస్తుంటే, 1588లో పోర్చుగీసువారు ఇక్కడ కోట ఎందుకు కట్టారో, 1640లో డచ్చివారు దాన్ని గెలుచుకుని ఇంత బలంగా ఎందుకు పెంచారో వేరే చెప్పనక్కరలేదు. 2004 సునామీలో బయటి బస్టాండు, క్రికెట్ మైదానం నీట మునిగినా, లోపలి ఊరిని చాలావరకు కాపాడింది ఈ గోడలే. ఆ సంగతి తెలిశాక లోపలి ఇంటి గడపను చూసే చూపే వేరుగా ఉంటుంది. తిరుమలలో ముందు వరాహస్వామిని సేవించుకున్నాకే శ్రీవారి దర్శనానికి వెళ్లడం మన ఆనవాయితీ. గాలెలోనూ అటువంటి వరుస ఒకటుందని నా నమ్మకం.

సాయంత్రం నాలుగున్నరకు గడియార స్తంభం దగ్గర గోడెక్కి, పడమటి వైపు మెల్లగా నడిస్తే, పొద్దు గూకే వేళకు ఫ్లాగ్ రాక్ బురుజు చేరవచ్చు. అక్కడి నుంచి 1939లో కట్టిన దీపస్తంభం దగ్గరే. అక్కడ దిగి, ఎండ చల్లారాక వీధుల్లోకి వెళ్తే రెండూ దక్కుతాయి.

మోకాళ్ల నొప్పులున్నవారో, పసిపిల్లలో వెంట ఉంటే మాత్రం వీధులే మేలు. గోడ మీద నీడ తక్కువ, చాలాచోట్ల అంచున పిట్టగోడ కూడా లేదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పట్టుకుంటే తడిసిన రాళ్లు జారుతాయి. అప్పుడు వసారాల కింద నిలబడి వానను చూడడమే మంచిది.