"అన్ని కెపాసిటర్లూ మార్చాం" అనే పాత ఆర్కేడ్ మానిటర్‌తో జాగ్రత్త

పాత ఆర్కేడ్ గేమ్ క్యాబినెట్ కోసం 19 అంగుళాల కలర్ మానిటర్ వెతుకుతున్నవారు డబ్బు పంపే ముందు ఇది చదవండి. "పూర్తిగా రిపేరు చేశాం, కెపాసిటర్లన్నీ కొత్తవే" అన్న ప్రకటన చూసి, ఎలక్ట్రోహోమ్ కంపెనీ జీ07 ఛాసిస్ (పిక్చర్ ట్యూబును నడిపే సర్క్యూట్ బోర్డు) ఉన్న మానిటర్ ఒకటి తెప్పించుకున్నాను. ఫొటోలో బొమ్మ ధగధగలాడింది. నా దగ్గరికొచ్చి స్విచ్ వేస్తే ఎరుపు రంగు లేదు, తెర నిండా సన్నటి ఏటవాలు గీతలు, నల్లగా ఉండాల్సిన చోటంతా బూడిద రంగు.

ఆ గీతల్లోనే గుట్టంతా ఉంది. ఎలక్ట్రాన్ పుంజం తెర అడుగు నుంచి తిరిగి పైకి వెళ్లే దారి మామూలుగా కంటికి కనిపించకూడదు. తెర మొత్తం వెలుగును పెంచే స్క్రీన్ కంట్రోల్‌ను హద్దు మీరి తిప్పితే కనిపిస్తుంది. ట్యూబు అరిగిపోయి వెలుగు తగ్గినప్పుడు కొందరు అమ్మకందారులు చేసే పని ఇదే: పెచ్చులూడే గోడకు సున్నం కొట్టినట్టు. గీతలు మాయమయ్యేదాకా కంట్రోల్ తగ్గించి చూస్తే, మిగిలింది మసక బొమ్మ.

ఎరుపు సంగతి తేల్చడానికి మానిటర్‌కు వచ్చే ఎరుపు, ఆకుపచ్చ సిగ్నల్ తీగలను తారుమారు చేశాను. అప్పుడు ఎరుపు వెలిగి ఆకుపచ్చ పోయి ఉంటే, తప్పు గేమ్ బోర్డుదో తీగలదో అయ్యేది. ఎరుపు అప్పుడూ రాలేదు. అంటే లోపం మానిటర్‌లోనే. ట్యూబు మెడకు తగిలించే నెక్ బోర్డు వెనక డ్రై సోల్డర్ (సరిగ్గా అతుక్కోని టంకం) కనిపించింది. దాన్ని సరిచేస్తే ఎరుపు వచ్చింది కానీ, వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కూడా అంచులు కారుతున్నట్టే ఉంది. ట్యూబులో ఎరుపు కోసం ఎలక్ట్రాన్లను వెదజల్లే క్యాథోడ్ నీరసించిందన్న మాట. నీరసించిన ట్యూబుల కోసమే ఉండే రెజువనేటర్ అనే పరికరంతో కొన్నిసార్లు జీవం పోయవచ్చు, అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం.

ఇక "అన్నీ కొత్తవే" అన్న కెపాసిటర్లు. చిన్నవి మార్చారు, నిజమే. పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ మాత్రం పాతదే. బొమ్మ పక్కలు అలల్లా ఊగడానికి కారణం అది. ఈ ఛాసిస్‌లో బీ-ప్లస్, అంటే ఛాసిస్‌ను నడిపే ప్రధాన డీసీ వోల్టేజీ, 120 వోల్టుల దగ్గర ఉండాలి. నా మీటరు 131 చూపించింది. అక్కడ వోల్టేజీ పెరిగితే ట్యూబుకు వెళ్లే హై వోల్టేజీ కూడా పెరుగుతుంది, దాన్ని పుట్టించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లైబ్యాక్‌ను నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ రెండింటి ఆయుష్షూ తరుగుతుంది. అన్నిటికన్నా ఒళ్లు మండించింది ఫ్యూజు. ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఆంపియర్లది బిగించి పెట్టారు. దాన్ని ఏ రిపేరు అనాలి?

అడిగితే వచ్చిన జవాబు, "పాత వస్తువు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను." ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు.

కొనేవారు అడగాల్సింది ఒక్క ఫొటో కాదు, వీడియో. మానిటర్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేసి, అరగంట దాకా ఆపకుండా తీసినది. బలహీనమైన ట్యూబు మొదటి నిమిషాల్లోనే బయటపడుతుంది, డ్రై సోల్డర్ వేడెక్కాక బయటపడుతుంది. మధ్యలో నల్లటి తెర కూడా చూపించమనండి: ఏటవాలు గీతలు, బూడిద రంగు అక్కడ దాగవు. ఆపేసిన తెర ఫొటో వేరుగా అడగండి: ప్యాక్‌మాన్ చిక్కుదారి లాంటివి తెర మీద అచ్చుపడి ఉంటే అప్పుడే తెలుస్తాయి. ఛాసిస్ బోర్డు కింది వైపు ఫొటో ఇవ్వడానికి వెనకాడితే బేరం వదిలేయండి.

అమ్మిన వ్యక్తి చెప్పకుండా దాటేసిన ఇంకో సంగతి: ఈ ఛాసిస్‌కు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరుగా సంబంధం లేకుండా కరెంటు అందించేది) తప్పనిసరి. అది లేకుండా నేరుగా మెయిన్స్‌కు కలిపితే ఛాసిస్ గ్రౌండే షాక్ కొడుతుంది, గేమ్ బోర్డు కాలిపోవచ్చు. మెయిన్స్ వోల్టేజీ ఎంతైనా, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మానిటర్‌కు అందాల్సింది 120 వోల్టుల ఏసీ. లోపల చెయ్యి పెట్టాల్సి వస్తే, ప్లగ్గు తీశాక కూడా ట్యూబులో వేల వోల్టుల చార్జి మిగిలి ఉండవచ్చు. దాన్ని ట్యూబు బయట చుట్టి ఉన్న గ్రౌండ్ తీగకే డిశ్చార్జ్ చేయాలి, ఛాసిస్‌కు కాదు. అలవాటు లేనివారు ఆ పని తెలిసినవారికే వదిలేయాలి.