సర్క్యూట్ డయాగ్రామా, వైరింగ్ డయాగ్రామా? కొత్త అప్రెంటిస్‌కు ముందు ఏది మేలు?

పనిలో చేరిన కొత్తలో నాకు వైరింగ్ డయాగ్రామే నచ్చేది. ప్యానెల్ తలుపు తీస్తే లోపల కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటిస్తే మూసుకునే పెద్ద స్విచ్) ఎక్కడుందో, కాగితం మీదా అక్కడే ఉంటుంది. నంబర్లు చూసి వైర్లు బిగించుకుంటూ పోతే మోటారు తిరిగేది. ఎందుకు తిరిగిందని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు.

ఒకరోజు ఒక డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా సప్లైకి కలిపేది) మొరాయించింది. స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ మోటారు తిరుగుతుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. సప్లై ఆపేసి, వైరింగ్ డయాగ్రామ్ ముందేసుకుని, ఒక్కో వైరూ కదిపి చూస్తూ అరపూట గడిపాను. సీనియర్ వచ్చి, కరెంటు దారిని చూపే సర్క్యూట్ డయాగ్రామ్‌లో ఒకే ఒక్క గీత మీద వేలు నడిపించారు: స్టాప్ బటన్, ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేసేది) 95-96, స్టార్ట్ బటన్, కాయిల్ ఏ1-ఏ2. ఈ అంకెలన్నీ టెర్మినళ్ల నంబర్లు. "నువ్వు వేలు తీశాక కాయిల్‌కి కరెంటు ఏ దారిన రావాలిరా?" అన్నారు. స్టార్ట్ బటన్‌కు పారలల్‌గా ఉన్న 13-14 హోల్డింగ్ కాంటాక్ట్ (కాంటాక్టర్ లాగగానే మూసుకుని, వేలు తీశాకా కాయిల్‌ను పట్టి ఉంచేది) దారిన. చూస్తే 14 దగ్గర స్క్రూ వదులు!

అందుకే నా ఓటు సర్క్యూట్ డయాగ్రామ్‌కే. ఏ వైరు ఎక్కడికి పోతుందో వైరింగ్ డయాగ్రామ్ చెబుతుంది. కరెంటు ఎటు పోతుందో, దేని కోసం ఆగుతుందో చెప్పదు.

అలాగని సర్క్యూట్ డయాగ్రామ్ తేలికని కాదు. అందులో ఒకే కాంటాక్టర్ ముక్కలై కనిపిస్తుంది. మెయిన్ కాంటాక్టులు పవర్ సర్క్యూట్‌లో, కాయిల్ కంట్రోల్ సర్క్యూట్‌లో, హోల్డింగ్ కాంటాక్ట్ ఇంకోచోట. మూడింటినీ కలిపేది పక్కన రాసిన కే1 అన్న పేరొక్కటే. అవి వేర్వేరు సామాన్లనుకుని నేను చాలా రోజులు తికమకపడ్డాను. ఇంకో సంగతి: బొమ్మ గీసేది సప్లై లేనప్పటి, ఎవరూ బటన్ నొక్కనప్పటి స్థితిలో. కాయిల్ లాగిందనుకుని దాని ఎన్‌ఓలన్నీ (మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టులు) మూసి, ఎన్‌సీలన్నీ (మామూలుగా మూసి ఉండేవి) తెరిచి మనసులో మళ్లీ గీసుకోవాలి. గుర్తులూ ఒకటి కావు. ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణాల) పద్ధతిలో కాయిల్ దీర్ఘచతురస్రం, అమెరికా పద్ధతిలో వృత్తం. అమెరికా వాళ్ల ఎన్‌ఓ కాంటాక్ట్ రెండు నిలువు గీతలు, అచ్చం కెపాసిటర్‌లాగే!

సింగిల్ లైన్ డయాగ్రామ్ సంగతి వేరు. మూడు ఫేజులకూ ఒకే గీత. సప్లై ఎక్కడి నుంచి వస్తోందో, ఏ బ్రేకర్ ఆపాలో అందులో చూసుకోవాలి. దాన్ని చదవడం ఒక్కరోజు పని.

కొత్త ప్యానెల్ బిగించేటప్పుడు, టెర్మినల్ వెతికేటప్పుడు వైరింగ్ డయాగ్రామ్‌కు తిరుగులేదు. కాకపోతే మొదటిసారి దాన్ని మీరే గీయండి. డీఓఎల్ సర్క్యూట్ పక్కన పెట్టుకుని, ప్రతి వైరుకూ నంబరు వేస్తూ రండి. మధ్యలో బటనో కాంటాక్టో కాయిలో అడ్డొస్తేనే నంబరు మారాలి. అది వచ్చాక స్టార్-డెల్టా (మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలుపెట్టి, తర్వాత డెల్టాకు మార్చే స్టార్టర్) పట్టండి. స్టార్ కాయిల్ దారిలో డెల్టా ఎన్‌సీ, డెల్టా కాయిల్ దారిలో స్టార్ ఎన్‌సీ ఎందుకున్నాయో ఎవరినీ అడక్కుండా చెప్పగలరేమో చూడండి.