పర్లాకిమిడిలో కొత్తవాళ్ల చేతికి ఏ మ్యాప్ యాప్ ఇవ్వాలి?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత ప్రపంచ పటం. అందులో మన ఊళ్లను నింపే పనికి, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో కొత్తవాళ్లను పిలుస్తున్నాం. వాళ్లకిచ్చే కాగితంలో "ముందు ఇది దించుకోండి" అని ఒక పేరు రాయాలి. ఏ పేరు రాయాలన్నదానిపై వారం రోజులుగా మాలో మాకు తర్జనభర్జన. 2004లో మొదలైన ఈ ప్రాజెక్టు చుట్టూ ఎవరికి తోచిన పనిముట్టు వాళ్లు తయారు చేశారు. మేం చూస్తున్నవన్నీ ఉచితమే, ఓపెన్ సోర్సే (లోపలి కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు). అన్నీ రాసేస్తే ఏ పేచీ ఉండదు గానీ, అంత పట్టీ చూసిన మనిషి ఏదీ దించుకోడు.

పోయినసారి నేను జేఓఎస్ఎంతో మొదలుపెట్టించాను. అది కంప్యూటర్ మీద నడిచే మ్యాప్ ఎడిటర్, అన్నిటికన్నా సమర్థమైనది. కానీ వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌లలో అది నడవడానికి కావాల్సిన జావా అనే సాఫ్ట్‌వేర్ సర్దేసరికే గంటన్నర అయిపోయింది. సగం మంది మళ్లీ రాలేదు. తప్పు జేఓఎస్ఎంది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా కొండల్ని అతలాకుతలం చేసింది. మోహన, ఆర్. ఉదయగిరి వైపు గూడేలకు పోయే దారులను ఉపగ్రహ చిత్రాలు చూసి గీయాలంటే నేటికీ నేను జేఓఎస్ఎంనే తెరుస్తాను. అది చేయి తిరిగినవాళ్ల పనిముట్టు, మొదటిరోజుది కాదు.

అసలు పోటీ స్ట్రీట్‌కంప్లీట్‌కీ వెస్పూచికీ మధ్య. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్ల మీద నడుస్తాయి. స్ట్రీట్‌కంప్లీట్ మనం ఉన్న చోట మ్యాపులో ఏ వివరం లేదో చూసి ప్రశ్న వేస్తుంది. ఈ రోడ్డు తారుదా, సిమెంటుదా, మట్టిదా? బొమ్మలు చూపిస్తుంది, ఒకటి నొక్కితే చాలు. ఈ బస్టాపుకి షెల్టర్ ఉందా? మ్యాపులో ఒక్కో వివరాన్ని రాసే ట్యాగులంటే ఏమిటో తెలియక్కర్లేదు. ఆ ప్రాంతాన్ని ముందే దించుకుంటే సిగ్నల్ లేని కొండ దారిలో కూడా జవాబులివ్వొచ్చు, నెట్ తగిలాక అవి వెళ్తాయి. తెలియక ఊరి రోడ్డునే పక్కకి లాగేసే భయం దాదాపు లేదు. పది నిమిషాల్లో చేతిలో ఒక పని పూర్తవుతుంది, అది చూసే మనిషి వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు.

వెస్పూచి అలా కాదు, ఫోన్లోనే మొత్తం ఎడిటర్. తాళం బొమ్మ నొక్కి తెరిచాకే మార్పులు చేయనిస్తుంది. వేలు తగిలి గీత జరిగితే వెనక్కి తీసుకోవచ్చు గానీ, కొత్తవాళ్లకి అది జరిగిన సంగతే తెలియదు. అయినా దాన్ని నేను వదులుకోలేను. ఎందుకో చెప్తాను.

మొన్న ఒక వీధి మొదట్లో నిలబడి వెస్పూచిలో ఆ గీత మీద నొక్కాను. పేరు గడిలో ఇంగ్లిషులో ఏదో ఉంది. పక్కన కూరలమ్మే అమ్మకి చదివి వినిపిస్తే, "బాబూ, ఆ పేరు ఇక్కడ ఎవులూ అనరు. కుమ్మరీధి అంటేనే ఆటో అబ్బాయి తెస్తాడు" అంది. తెలుగు పేరుకి గుర్తుగా నేమ్, కోలన్, టీఈ (name:te) అని కొత్త వరస చేర్చి, ఎదురుగా 'కుమ్మరివీధి' అని తెలుగులో కొట్టాను. ఒడియా పేరుకైతే చివర ఓఆర్. జనం నోట ఉన్న మాటే రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు ఇది. పర్లాకిమిడి, పారళాఖెముండి అని రెండు పేర్లతో బతుకుతున్న ఊరి మ్యాపులో రెండూ ఉండాలని నా పట్టుదల. స్ట్రీట్‌కంప్లీట్ వీధి పేరు ఖాళీగా ఉంటేనే అడుగుతుంది. ఇంగ్లిషు పేరు ఒకటి అప్పటికే ఉంటే తెలుగు పేరు కోసం ప్రశ్న వేయదు. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మన వీధుల పేర్లు ఎప్పటికీ ఎక్కవు.

ఐఫోన్ ఉన్నవాళ్లకి ఎవ్రీ డోర్ అనే యాప్. బజారులో దుకాణాల వివరాలు ఎక్కించడానికి ఆండ్రాయిడ్‌లో కూడా అది హాయిగా ఉంటుంది.

మ్యాపు చూసుకోవడానికి మాత్రం ఆర్గానిక్ మ్యాప్స్ చెప్తాం. అలాంటిదే మరో యాప్ ఆస్మాండ్‌లో సదుపాయాలు ఎక్కువే గానీ, సెట్టింగులు చూసి మా అత్తయ్య లాంటివాళ్లు టెన్షన్ పడతారు. ఏది దించుకున్నా ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మ్యాపులు రెండూ దించుకోవాలి. లేకపోతే ఏటికి అవతల పాతపట్నం దారి తెగిపోయినట్టు కనిపిస్తుంది.

అందుకే కాగితంలో మొదటి వరస స్ట్రీట్‌కంప్లీట్‌ది, దాని కింద ఐఫోన్ వాళ్లకి ఎవ్రీ డోర్. వేరే కంపెనీల మ్యాపుల్లోంచి పేర్లు ఎత్తి రాయకూడదన్న హెచ్చరిక పెద్దక్షరాల్లో. వెస్పూచి పేరు అందులో వేయడం లేదు. నాలుగు ఆదివారాలు మాతో తిరిగినవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్లోనే నేర్పిస్తాం. మొదటి పాఠం కోట చుట్టూ ఉన్న వీధుల పేర్లు, తెలుగులోనూ ఒడియాలోనూ.