వర్మీ (వానపాముల ఎరువు) బస్తా మేడెక్కించే ముందు లీటరు మగ్గుతో తూచండి: విశాఖ డాబా తోటలవాళ్లకి హెచ్చరిక

దసరా వెళ్లింది. వానాకాలం బెండ, బీర పాదులు పీకేసి, పాత మట్టి టార్పాలిన్ మీద ఆరబోసి, కాలీఫ్లవర్, టమాటా నారుకి సంచులు సిద్ధం చేసుకునే రోజులివి. సరిగ్గా ఇప్పుడే కాలనీల్లోకి ట్రాలీ ఆటోల్లో పేరూ చిరునామా లేని తెల్ల బస్తాలు వస్తాయి. "నలభై కేజీల వర్మీ, మేడ మీదకి మోసి ఇస్తాం" అంటారు. మోసి ఇవ్వడం వరకు నిజమే. లోపలుండేది చాలాసార్లు తడిపిన నల్లమట్టి, లేదంటే సగం మాగిన పేడ.

ముందు తడి సంగతి. ఫెర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్ (ఎరువుల నాణ్యతకి కేంద్రం పెట్టిన నిబంధనలు, 1985) లెక్కన వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం ఉండాలి. 25 శాతమైతే 40 కేజీల బస్తాలో అసలు సరుకు 30 కేజీలు. సగం నీళ్లే అయితే 20 కేజీలు. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టి, వేలు తగలగానే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఆ బస్తా వద్దు.

మట్టి కలిపారో లేదో మగ్గు చెబుతుంది. లీటరు మగ్గులో నొక్కకుండా నింపి వంటింటి కాటా మీద పెట్టండి. మంచి సరుకు 700 నుంచి 900 గ్రాములు తూగుతుంది. కేజీ దాటిందంటే మట్టో, ఇసుకో, నీళ్లో ఉన్నట్టే. ఇంకా అనుమానముంటే ఖాళీ నీళ్ల సీసాలో గుప్పెడు వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలోపే అడుగుకి చేరుతుంది. నల్లమట్టి అయితే మర్నాటికీ నీళ్లు బురదగానే ఉంటాయి.

వానపాములు చూపించి నమ్మించే ప్రయత్నం ఒకటుంది. పూర్తిగా తయారై, జల్లెడ పట్టిన ఎరువులో పాములు పెద్దగా మిగలవు. బస్తా నిండా కదులుతున్నాయంటే వాటి మేత ఇంకా అయిపోలేదని అర్థం.

అసలు నష్టం సగం మాగిన పేడతోనే. బస్తా మధ్యలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, ముక్కుకి ఘాటు కొట్టినా కొనకండి. దాంట్లో నారు నాటితే లేత వేళ్లు మాడిపోతాయి. గడ్డి, పొట్టు ఎక్కువున్న సరుకైతే అది కుళ్లడానికే మట్టిలో నత్రజని లాగేసుకుంటుంది, కింది ఆకులు పసుపు రంగుకి మారతాయి. పైగా అలాంటి గత్తంలో పెంకు పురుగులు గుడ్లు పెడతాయి. తెల్లగా, లావుగా, సగం చుట్టుకుని ఉండే పిల్ల పురుగులు సంచిలోకొస్తే వేళ్లు కొరుకుతాయి. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం మధ్యాహ్నానికి వాడిపోతుంది, లాగితే వేళ్లు లేకుండా చేతికొస్తుంది. అప్పుడు చాలామంది నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు.

అందుకే ఒకేసారి పది బస్తాలు దించుకోకండి. ఒకటి తీసుకుని ఆవాలతో పరీక్ష చేయండి. రెండు కప్పులకీ అడుగున చిల్లులు పెట్టి, ఒకదాంట్లో మీ పాత మట్టి, రెండోదాంట్లో అదే మట్టి, కొత్త ఎరువు సగం సగం వేసి, ఇరవై గింజల చొప్పున చల్లండి. ఐదు రోజుల్లో తేలిపోతుంది. మొదటి కప్పులో పద్దెనిమిది మొలిచి రెండోదాంట్లో ఏడెనిమిదే వస్తే ఆ ఎరువు పచ్చిదో, ఉప్పు ఎక్కువున్నదో.

ఉప్పు బెడద కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టు) కూడా ఉంది. చవక ఇటుకలు కడగకుండానే అచ్చు వేసినవి ఉంటాయి. "లో ఈసీ" (ఉప్పు తక్కువ) అని రాసి ఉన్నది అడగండి. అలా రాసి ఉన్నా సరే, నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మూడుసార్లు కడగండి, ఆ నీళ్లు కుండీల్లో పోయకండి. సముద్రం వైపు ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటే ఆఖరి కడుగు కుళాయి నీళ్లతో చేయండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు పారేయక్కర్లేదు. పచ్చి పేడ అయితే నీడలో జానెడు ఎత్తున పోసి, తడి ఆరకుండా చూస్తూ వారానికోసారి తిరగేయండి, కనిపించిన పురుగులు ఏరేయండి. నెలా నెలన్నర పడుతుంది. ఈ చలికాలం నారుకి అందదు, సంక్రాంతి దాటాక వేసే బెండకీ, ఆనపకీ పనికొస్తుంది. తుపాను కబురొస్తే పైన పట్టా కప్పండి, లేకపోతే సారమంతా డాబా గొట్టంలోకే. మట్టి కలిపిన బస్తా అయితే దాన్ని మట్టిగానే లెక్కేసుకుని, ఎర్రమట్టి కొనడం తగ్గించండి.

బస్తా మీద తయారీదారు చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఎమ్మార్పీ ఉండాలి. బిల్లు అడగండి. బరువు తేడా వస్తే తూనికలు కొలతల శాఖకి, సరుకు నాసిరకమైతే వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బస్తా, బిల్లు, కాటా మీద మగ్గు, మూడూ ఫొటో తీసి ఉంచుకోండి. బిల్లు లేదంటే మాత్రం ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తెలీదు, ఆటో మరో వీధికి వెళ్లిపోయుంటుంది.